కవాటం చెప్పిన మాట

యంత్రం శబ్దం చేసిందంటే అది మనకేదో చెప్పదలచుకున్నదని నా వృత్తి నాకు నేర్పిన తొలి పాఠం. ఆ మాట వినకముందే దాని నోరు నొక్కివేయాలనుకోవడం మానవసహజమైన తొందరపాటు. ఇటీవల పుదుచ్చేరిలో మా మేనల్లుడి కారు విషయంలో ఈ పాఠం నాకు మరల జ్ఞప్తికి వచ్చింది. కంప్రెసర్ల వద్ద పనిచేసే సహోద్యోగులకూ, సొంత వాహనాలు నడుపుకొనే కుటుంబ సభ్యులకూ ఉపకరించగలదన్న ఆశతో ఆ ఉదంతాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మా అక్కయ్య కుటుంబం యానాం నుంచి ఉద్యోగరీత్యా పుదుచ్చేరి చేరి లాస్‌పేటలో స్థిరపడింది. ఒకటి గౌతమీ తీరాన, మరొకటి తమిళ సీమలో సముద్రపుటొడ్డున ఉన్నప్పటికీ రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతంలోనివి కావడం వల్ల, ఇటువంటి తెలుగు కుటుంబాలు అక్కడ అనేకం కనిపిస్తాయి. అక్కయ్య హృద్రోగి. నెలకొకమారు జిప్మర్ ఆసుపత్రికి వెళ్లి రావాలి. ఆమె ప్రయాణాల కోసమే మేనల్లుడు ఒక పాత విదేశీ పెట్రోలు కారు కొన్నాడు. అది కర్మాగారంలోనే సూపర్‌చార్జరు అమర్చిన కారు.

కొన్న నెల తిరగకుండానే శబ్దం మొదలైంది. బండి నిలిచి ఉన్నప్పుడు సన్నగా బుసకొట్టేది. వేగంలో యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీయగానే తరతరమని కొట్టుకునేది. వెంటనే నల్లని పొగ, పెట్రోలు వాసన. ఆ శబ్దానికి అక్కయ్య ఉలిక్కిపడేది. ఇరుగుపొరుగు వారు విసుక్కునేవారు. పరీక్షించిన మెకానిక్ పది నిమిషాలలో తేల్చాడు: "కవాటం నోటికి బిరడా కొట్టేస్తే సరి."

"మామయ్యా, రేపే ఆ పని చేయిస్తున్నాను" అని మేనల్లుడు ఫోనులో చెప్పినప్పుడు, "నేను వచ్చేవరకు దానిని ముట్టుకోవద్దు నాయనా" అన్నాను. అలా అనడానికి కారణం చివర చెబుతాను.

కవాటం చేసే పని

సూపర్‌చార్జరు మన కర్మాగారాల వారికి కొత్తది కాదు. 1860లో అమెరికాలో రూట్స్ సోదరులు రూపొందించిన బ్లోయరే దీనికి పూర్వీకురాలు. బూడిదనో, సిమెంటునో గాలితో గొట్టాల గుండా తోలే రూట్స్ బ్లోయర్లు నేటికీ మన కళ్ల ముందు తిరుగుతున్నాయి. 1921లో మెర్సిడెస్ సంస్థ సూపర్‌చార్జరు గల కార్లను ప్రదర్శించినప్పటి నుంచి అది కార్లలోనూ ప్రవేశించింది. టర్బోచార్జరు పొగగొట్టపు వాయువులతో తిరుగుతుంది. సూపర్‌చార్జరునైతే ఇంజనే బెల్టు ద్వారా తిప్పుతుంది. కనుక ఇంజను తిరుగుతున్నంతసేపూ అది గాలిని తోస్తూనే ఉంటుంది.

ఈ కారులో బ్లోయరు తరువాత థ్రాటిల్ తలుపు ఉన్నది. కాలు తీయగానే ఆ తలుపు మూసుకుంటుంది. బ్లోయరు మాత్రం ఆగదు. మధ్యలో చిక్కుకున్న గాలికి దారి చూపేదే ఈ కవాటం. థ్రాటిల్ మూసుకున్నప్పుడు ఇంజను మానిఫోల్డులో ఏర్పడే వ్యాక్యూం ఒక సన్నని రబ్బరు గొట్టం ద్వారా కవాటపు డయాఫ్రాన్ని లాగి, దానిని తెరుస్తుంది. ఆ గాలిని తిరిగి బ్లోయరు ముందుకు పంపితే ఇంచుమించు నిశ్శబ్దంగా ఉంటుంది. బయటికి వదిలితే బుస వినిపిస్తుంది. దారే లేకుండా మూసివేస్తే ఒత్తిడి పెరిగి గొట్టాలు ఊడవచ్చు, బ్లోయరు వేడెక్కవచ్చు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లన్నమాట!

పరీక్ష

డయాఫ్రం చిరిగి ఉంటుందని నా మొదటి ఊహ. చేతి వ్యాక్యూం పంపుతో లాగి చూశాను. ముల్లు కదలక నిలిచింది. అంటే డయాఫ్రం చక్కగా ఉన్నది, పొరపాటు నాది. తరువాత గేజిని మానిఫోల్డుకు తగిలించాను. సముద్రమట్టం వద్ద ఆరోగ్యవంతమైన పెట్రోలు ఇంజను ఐడిలింగులో సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది. ఇక్కడ 18 ఉన్నది. అదే గేజిని సన్నగొట్టం రెండవ కొన వద్ద పెడితే 10 మాత్రమే! దారిలో ఎక్కడో ఎనిమిది అంగుళాలు మాయమయ్యాయి. గొట్టాన్ని చేతితో తడుముతూ పోగా, తుప్పుపట్టిన క్లిప్పు కింద ఎండిన రబ్బరు చీలి కనిపించింది. ఇంజను వేడికి సముద్రపు ఉప్పుగాలి తోడైన ఫలితమది. వ్యాక్యూం చాలక కవాటం సగమే తెరుచుకుని, మళ్లీ మూసుకుని, అలా కొట్టుకుంటున్నది.

కొత్త గొట్టం వేశాము. కొట్టుకోవడం ఆగింది. కాని బుస ఇనుమడించింది! వరండాలో కూర్చున్న అక్కయ్య, "బాగుచేశావా తమ్ముడూ, పాడుచేశావా?" అని అడిగింది.

ఆ ప్రశ్నే రెండవ లోపాన్ని పట్టిచ్చింది. కవాటం ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటున్నది, సరే. ఆ గాలి బయటికెందుకు పోవాలి? ఎయిర్ ఫిల్టరు నుంచి వచ్చే గొట్టాన్ని పరిశీలించగా, ఒక పిలకకు రబ్బరు టోపీ తొడిగి ఉన్నది. మునుపటి యజమాని ఆర్భాటపు శబ్దం కోసం అసలు కవాటాన్ని తీసివేసి, గాలిని బయటికి వదిలేదానిని బిగించి, తిరుగు దారిని మూసివేశాడన్నమాట. ఈ కారులో లోపలికి వచ్చే గాలిని ఒక సెన్సారు ముందే కొలుస్తుంది. ఆ లెక్క ప్రకారమే పెట్రోలు పడుతుంది. కొలిచిన గాలి బయటికి పోతే పెట్రోలు పాలు ఎక్కువై నల్లని పొగ వస్తుంది.

తయారీదారు నిర్దేశించిన కవాటాన్ని తెప్పించి, తిరుగు గొట్టం కలిపాము. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కాలాపేట దాకా నడిపి చూశాము. బుస లేదు, పొగ లేదు. కాలు తీసినప్పుడు చెవియొగ్గితే వినిపించే చిన్న నిట్టూర్పు మాత్రం మిగిలింది. అది కవాటం తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు.

ఒక పాత జ్ఞాపకం

ఇక ఫోనులో అలా అనడానికి కారణం. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో నేను పనిచేసిన ఒక కర్మాగారంలో గాలి రిసీవరు సేఫ్టీ వాల్వు రెండు రోజులుగా బుసకొడుతూ ఉండేది. "చెవులు చిల్లులు పడుతున్నాయి, స్క్రూ బిగించమంటారా?" అని ఫిట్టరు అడిగాడు. కారణం వెదకకుండానే సరేనన్నాను. నిజానికి కంప్రెసరును ఆపవలసిన ప్రెజరు స్విచ్చి పాడై ఉన్నది. ఆ సాయంత్రమే ఒక గొట్టం జాయింటు పగిలింది. పక్కనే ఉన్న ఫిట్టరుకు ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోయింది. వాల్వు రెండు రోజులు మొత్తుకున్నది. వినవలసినవాడిని నేను. వినలేదు.

కనుక మిత్రులకు నా మనవి. శబ్దం ఎప్పుడు వస్తున్నదో ముందు గమనించండి. కాలు తీసినప్పుడు ఒక్కసారి వచ్చే నిట్టూర్పు సహజం. కొట్టుకుంటుంటే సన్నగొట్టాన్నీ స్ప్రింగునూ చూడండి. ఒత్తిడితో పాటు బుస పెరుగుతుంటే కవాటపు సీటునూ జాయింట్లనూ చూడండి. ఊహించిన దానిని గేజితో సరిచూడనిదే విడిభాగాలు మార్చకండి. సముద్రతీరంలో ఉన్నవారు రబ్బరు గొట్టాలను, క్లిప్పులను మరింత తరచుగా పరీక్షించడం మంచిది.

మరుసటి నెల ఆసుపత్రి నుంచి తిరిగివస్తూ అక్కయ్య కారులోనే నిద్రపోయిందని మేనల్లుడు ఫోను చేశాడు. నాకు అంతకంటె మంచి ధ్రువపత్రం అవసరం లేదు.