కనుమ నాడు పశువుకు సెలవు, ఇల్లాలికి లేదు

పలమనేరు: తెల్లవారుజాము నాలుగున్నర. ఊరంతా ఇంకా దుప్పటి ముసుగులోనే ఉంటుంది. పశువుల కొట్టంలో మాత్రం లైటు వెలుగుతుంది. పేడ ఎత్తాలి, కొట్టం కడగాలి, దాణా కలపాలి, పొదుగు కడిగి పాలు పితకాలి. పాల కేంద్రం మూసేలోగా క్యాను పట్టుకుని వరుసలో నిలబడాలి. చిత్తూరు జిల్లా పడమటి పల్లెల్లో పాడి ఉన్న ప్రతి ఇంటా ఆడవారి దినచర్య ఇదే. దీనికి ఆదివారం లేదు. జ్వరం వచ్చినా మినహాయింపు లేదు.

పాలు పోసి వచ్చాక పిల్లలకు సద్ది కట్టి బడికి పంపాలి. ఆపైన కసువు కోతకో, ఉపాధి పనికో, పక్కవాళ్ళ టమోటా తోటలో కూలికో పోవాలి. సాయంత్రం మళ్ళీ కొట్టం, మళ్ళీ క్యాను. రాత్రి సంగటి గెలికి అందరికీ పెట్టి నడుము వాల్చేసరికి తొమ్మిది దాటుతుంది. ఇంత చాకిరీ చేసి, కేంద్రంలో ఫ్యాటు ఒక పాయింటు తగ్గిందంటే ఆ పూట కష్టంలో కొంత గంగలో కలిసినట్లే.

ఇటువంటి బతుకులో కృతజ్ఞత అనే మాటకు చోటెక్కడ అని ఎవరికైనా అనిపించవచ్చు. సంక్రాంతి మరునాడు ఈ పల్లెలకు వచ్చి చూడాలి.

ఇక్కడ పెద్ద పండుగ కన్నా కనుమే పెద్దది. పశువుల పండుగ అనే పిలుస్తారు. ఆ రోజు పశువుకు పని చెప్పరు, కొట్టరు, తిట్టరు. పొద్దున్నే చెరువుకు తోలి ఒళ్ళు రుద్ది కడుగుతారు. కొమ్ములు చెక్కి రంగులు పూస్తారు. పాత పలుపులు, ముగుతాళ్ళు తీసేసి కొత్తవి వేస్తారు. మెడకు గంటలు, నుదుట పసుపు కుంకుమ. కొత్త కుండలో పొంగలి వండి ముందు వాటికి పెట్టి, తరువాతే ఇంట్లో వాళ్ళు తింటారు.

ఉప్పుచెక్క సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పండుగ ముందు అడవికి పోయి మద్ది చెక్క, నేరేడు చెక్క, నల్లేరు, మారేడు కాయల వంటివి తెచ్చి, ఉప్పు వేసి రోట్లో దంచేవారు. ఆ ఘాటుకు పశువు దాని దరికి రాదు. ఇద్దరు పట్టుకుంటే ఒకరు నోరు తెరిచి లోపల పెట్టి మూయాలి. అది మింగేదాకా జరిగే పెనుగులాట చూడ్డానికి పిల్లలు గుమిగూడేవారు. ఏడాదికొకసారి ఇది పడితే ఏ రోగమూ రాదని పెద్దల నమ్మకం. గాలికుంటు వ్యాధికి మాత్రం ఆరు నెలలకొక టీకా తప్పదని పశువైద్యులు చెబుతారు. ఈ రోజుల్లో అడవికి పోయే తీరిక ఎవరికీ లేదు, చెట్ల పేర్లు తెలిసిన ముసలివారూ తగ్గిపోయారు. చాలా ఇళ్ళలో ఉప్పుచెక్క మాటగానే మిగిలింది.

సాయంత్రం ఊరి బయట కంప పోగుచేసి చిట్లాకుప్ప వేసి, పొద్దుగూకాక నిప్పు పెడతారు. మంట ఎగియగానే పశువులు బెదిరి పరుగులు తీస్తాయి. "పొలో పొలి" అని కేకలు వేస్తూ పొలాల్లో పొలి చల్లుతారు. ఈ సందడి ఇంకా చాలా ఊళ్ళలో ఉంది.

ఒకప్పుడు ఈ మర్యాదంతా ప్రధానంగా కాడెద్దులకు. ఏడాది పొడుగునా మడి దున్ని, కపిల తోలి, బండి లాగినవి అవే. దుక్కి ట్రాక్టరు చేతికి పోయాక ఎద్దుల జతలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. జిల్లాకు పేరు తెచ్చిన పుంగనూరు పొట్టి ఆవు కూడా పల్లె కొట్టాల్లో అరుదైపోయింది. ఇప్పుడు కొట్టాల్లో ఉన్నది జెర్సీ, హెచ్‌.ఎఫ్‌. సంకర ఆవులు. మొక్కు ఎద్దు నుంచి పాలావుకు మారింది. మారడం సబబే అనిపిస్తుంది. వాన లేక వేరుశనగ ఎండిన ఏళ్ళలో ఈ పల్లెలను నిలబెట్టింది పదిహేను రోజులకొకసారి వచ్చే పాల డబ్బే. 2002 నాటి కరువును తలచుకునే వాళ్ళు, తాము తిన్నా తినకపోయినా పశువుకు మేత సంపాదించిన కథలు నేటికీ చెబుతారు.

పలమనేరు దాపున ఒక పల్లెలో మూడు ఆవులతో సంసారం ఈదుతున్న నడివయసు ఇల్లాలు ఉంది. భర్త బెంగుళూరులో కట్టడం పనికి పోయి నెలకొకసారి వస్తాడు. కూతురు కాలేజీ ఫీజు, చిట్టీ వాయిదా, కిరాణా కొట్టు బాకీ, అన్నీ ఆ పొదుగుల మీదే. కనుమ రోజున ఆమె లేచింది మామూలు కన్నా ఒక గంట ముందు. పశువుకు సెలవంటే దాన్ని కడిగే వారికి, అలంకరించే వారికి, పొంగలి వండే వారికి పని రెట్టింపని వేరే చెప్పనక్కర లేదు. అలసట కాదా అంటే, ఎవరికి కాదని ఎదురు ప్రశ్న వేస్తుంది. తక్కిన రోజుల్లో వాటి పొదుగే తప్ప ముఖం చూడనని, ఈ ఒక్కరోజు తీరిగ్గా ముఖం చూస్తూ కడుగుతానని అంటుంది. పెద్దావు కుడికన్ను కింద చిన్న మచ్చ ఉన్న సంగతి ఈ కనుమకే గమనించిందట, అది ఇంటికొచ్చి ఆరేళ్ళయినా.

ఆ పెద్దావే ఇప్పుడు ఒట్టిపోయింది. రెండుసార్లు సూది వేయించినా కట్టలేదు. పాలు లేకపోయినా మేత తప్పదు, దాణా బస్తా అరువు తేవాల్సిందే. బేరగాడు పండుగకు ముందే వచ్చి ఒక ధర చెప్పి పోయాడు. కనుమ దాటాక చూద్దామని ఆమె పంపించివేసింది. మరోసారి సూది వేయించి చూడమని పశువుల ఆసుపత్రిలో చెప్పారట. అమ్మితే వచ్చే డబ్బు ఈ టర్ము ఫీజుకు సరిపోతుందని కూతురే లెక్క వేసింది. వేసి, తనే పోయి కొమ్ములకు ఎర్ర రంగు డబ్బా తెచ్చింది. మూడింటిలో ముందుగా రంగు పడింది పెద్దావు కొమ్ములకే.

అమ్ముతారా, ఉంచుకుంటారా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. సంక్రాంతికి వచ్చిన భర్త తిరిగి బస్సెక్కేలోగా తేలాలి.

ఆ సాయంత్రం చిట్లాకుప్ప దగ్గర జనం చేరుతుండగానే ఆమె తక్కిన రెండింటికీ పాలు పితికి క్యాను ఎత్తుకుంది. పాల కేంద్రం వద్ద అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు. అందరి చేతులకూ కొమ్ముల రంగు ఉంది.