పథ్యం పేరుతో పస్తు

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో దోర్నపాల్ నుంచి జగర్గుండ వెళ్లే దారిలో చింతలనార్ అనే ఊరుంది. గోండి మాటలో 'నార్' అంటే ఊరు. ముందున్న 'చింతల' మన చెవికి చింతచెట్టునే గుర్తుచేస్తుంది. ఆ పేరు అలాగే పుట్టిందో లేదో పండితులకు వదిలేద్దాం, బస్తర్ వంటలో చింతపండు పులుపు మాత్రం నిజం. మడియా పేజ్ కూడా నిజమే. అంటే మన రాగి అంబలే. అలాంటి ఊళ్లో ఒకరికి మూత్రపిండాలు పూర్తిగా పాడై డయాలిసిస్ మొదలైందనుకోండి. వద్దన్నవాటి జాబితాలో మొదటి వరుసలోనే ఇవి కనిపిస్తాయి: పులుపు వద్దు, అంబలి వద్దు, నీళ్లు కొలుచుకుని తాగాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేని రైతులకూ కూలీలకూ కూడా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఉద్దానం అంటేనే కొబ్బరి, జీడి, పనస. ఆ మూడింటిలోనూ పొటాషియం దండిగా ఉంది. తాతలు నాటిన తోట మధ్యలో కూర్చుని, ఆ తోటలో పండిందే తినకూడదన్నమాట.

ఎందుకు తినకూడదో చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో పనికొచ్చేదంతా తిరిగి రక్తంలోకి లాగేసుకుంటాయి. డయాలిసిస్ యంత్రం వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు పనిచేస్తుంది. వారానికి 168 గంటలుంటే యంత్రం వంతు 12. మన దగ్గర చాలామంది రెండుసార్లతోనే సరిపెట్టుకుంటున్నారు. మిగతా గంటలన్నీ తిన్నదీ తాగిందీ లోపలే పోగవుతుంటాయి.

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. యంత్రానికి తిరిగి లాగేసుకునే తెలివి లేదు. 1943లో నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ తన మొదటి యంత్రానికి వాడింది మాంసం కూరే సాసేజ్‌ల సెలోఫేన్ తొడుగు. ఇప్పటి పొరలు ఎంతో మెరుగైనా సూత్రం అదే: రంధ్రంలో పట్టే చిన్న కణం చెడ్డదైనా మంచిదైనా అవతలికి పోతుంది. యూరియాతో పాటు మాంసకృత్తులు తయారయ్యే అమైనో ఆమ్లాలు కూడా పూటకు 6 నుంచి 12 గ్రాముల దాకా పోతాయి. బి విటమిన్లు, సి విటమిన్ సరేసరి. వీటిని మళ్లీ తిండితోనే నింపుకోవాలి.

రోగులు తికమకపడేది ఇక్కడే. డయాలిసిస్‌కు ముందు, మూత్రపిండాలు నెమ్మదిగా క్షీణిస్తున్న ఏళ్లలో, వైద్యులు మాంసకృత్తులు తగ్గించమంటారు. 1960ల తొలినాళ్లలో ఇటలీలో జోర్డానో, జొవన్నెట్టి అనే వైద్యులు చూపిన దారి అది. మాంసకృత్తులు తగ్గితే యూరియా తగ్గుతుంది, వాంతులూ నీరసమూ తగ్గుతాయి. ఇప్పటికీ ఆ దశలో మధుమేహం లేనివారికి కిలో బరువుకు రోజుకు 0.6 గ్రాముల దగ్గర ఆపమంటారు. డయాలిసిస్ మొదలైన రోజు నుంచి లెక్క తిరగబడుతుంది: కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే దాదాపు రెట్టింపు. కానీ అయిదారేళ్లుగా 'గుడ్డు ముట్టుకోకు, పప్పు తగ్గించు' అని విన్న ఇంట్లో ఆ మాట ఒక్కరోజులో మారదు. పథ్యం అంటే మానేయడమే అని మనకో నమ్మకం. కొత్త కాగితం వచ్చినా వంటింట్లో పాత కాగితమే నడుస్తుంది.

దానికి తోడు నోరు. రక్తంలో వ్యర్థాలు పేరుకుంటే నోట్లో లోహపు రుచి, అన్నం చూస్తే వికారం. డయాలిసిస్ రోజున తెల్లవారకముందే బయల్దేరి, తిరిగొచ్చాక ఒళ్లు తేలిపోతూ పడుకుంటే ఆ పూట తిండి లేనట్టే. చింతలనార్‌లాంటి ఊరి నుంచి పెద్ద ఊరి యంత్రం దాకా వారానికి మూడుసార్లు వెళ్లిరావాలంటే ఎన్ని పూటలు పోతాయో లెక్కేసుకోవచ్చు. తిండి చాలక కండ, కొవ్వు రెండూ కరిగిపోయే ఈ స్థితికి 2008లో అంతర్జాతీయ నిపుణులు ఒక పేరూ కొలతలూ పెట్టారు. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు డెసిలీటరుకు 3.8 గ్రాముల కన్నా తగ్గడం వాటిలో ఒకటి. ఆల్బుమిన్ తగ్గేకొద్దీ డయాలిసిస్ రోగుల్లో మరణాలు పెరుగుతాయని 1990లోనే అమెరికా లెక్కల్లో తేలింది. మామూలు జనంలో లావు ప్రమాదమంటాం. డయాలిసిస్ రోగుల్లో మాత్రం కాస్త ఒళ్లున్నవాళ్లే ఎక్కువ కాలం బతుకుతున్నట్టు కనిపించింది.

అయితే వద్దన్నవన్నీ తినేయమనా? కాదు. పొటాషియం విషయంలో ఆట పనికిరాదు, అది పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఒక బొండంలో 300 మి.లీ. నీళ్లుంటే పొటాషియం 600 మి.గ్రా. దాటవచ్చు. పొటాషియం పెరిగే రోగులకు రోజు మొత్తానికి వైద్యులు పెట్టే హద్దు సాధారణంగా 2000, 3000 మి.గ్రా. మధ్య ఉంటుంది. వడదెబ్బకు అమృతమైన కొబ్బరినీళ్లు వీళ్లకు విషమవుతాయి. పనస తొనల్లో 100 గ్రాములకు 450 మి.గ్రా. దాకా ఉంటుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పు ఇంకా ప్రమాదం, సోడియం బదులు అందులో కలిపేది పొటాషియమే.

చింతపండు సంగతి వేరు. వందగ్రాముల్లో 600 మి.గ్రా. పైనే ఉన్నా, మనిషి వంతు పులుసులోకి పది గ్రాములే వెళ్తే అది 60 మి.గ్రా. జాబితాలో కొబ్బరినీళ్లకూ చింతపండుకూ ఒకే రకం అడ్డగీత కొట్టేస్తే, రోగి పులుసూ మానేసి అన్నమూ మానేస్తాడు. పరీక్షల్లో పొటాషియం అదుపులో ఉన్నవాళ్లు, వైద్యుణ్ని అడిగి, కొలిచిన పులుపుతో నాలుగు ముద్దలు ఎక్కువ తింటే అదే మేలు కదా.

ఇంకో చిత్రం, ఇక్కడ పాత వంటే గెలుస్తుంది. పొటాషియం నీళ్లలో కరుగుతుంది. కూరగాయ చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, దండిగా నీళ్లుపోసి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే చాలా భాగం పోతుంది. ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చిన అన్నం కుక్కర్ అన్నం కన్నా వీళ్లకు మంచిది. వార్చిన గంజి మాత్రం తాగకూడదు. రాగి అంబలికి ఈ ఉపాయం కుదరదు. పిండిలోని పొటాషియం, ఫాస్ఫరస్ అందులోనే ఉంటాయి, పైగా చెంబెడు నీళ్లు. నీటి లెక్క మూత్రాన్ని బట్టి: నిన్న ఎంత వచ్చిందో దానికి అరలీటరు కలిపి ఇవాళ్టి వంతు. దాహాన్ని అదుపు చేయాలంటే ముందు ఉప్పు తగ్గాలి. ఎండుచేప తిన్న మనిషికి అరలీటరు ఏం సరిపోతుంది?

ఫాస్ఫరస్ పెరిగితే ఎముకలు గుల్లబారి, రక్తనాళాల గోడలు సున్నం కట్టుకుంటాయి. అయినా పప్పుల మీద అంత కోపం అక్కర్లేదు. గింజల్లోని ఫాస్ఫరస్‌లో సగానికి మించి ఒంటికి పట్టదు. కోలా డ్రింకుల్లో, ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా పడుతుంది. గుడ్డులో తెల్లసొన వీళ్లకోసమే పుట్టినట్టుంటుంది: 3.5 గ్రాముల మాంసకృత్తులు, ఫాస్ఫరస్ నామమాత్రం. 50 కిలోల మనిషికి మూడొందల గ్రాముల బియ్యం, రెండు తెల్లసొనలు, వందగ్రాముల పచ్చిచేప, గుప్పెడు కందిపప్పు ఉంటే రోజు లెక్క నిండుతుంది. చేప కొనే డబ్బుల సంగతి ఈ లెక్కలో లేదు.

తిండి చాలడం లేదని ఎలా తెలుస్తుంది? తూకం చెప్పదు. డయాలిసిస్ ముగిశాక, ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువును 'డ్రై వెయిట్' అంటారు. ఆరు నెలల కింద అది 50 కిలోలు, ఇవాళ కూడా ముల్లు 50 దగ్గరే ఆగిందనుకోండి. అంతా బాగుందనుకుంటాం. కానీ మధ్యలో రెండు కిలోల కండ కరిగి, ఆ ఖాళీలో రెండు లీటర్ల నీరు నిలిచి ఉండొచ్చు. అప్పుడు ముందు పట్టుకునేవాళ్లు ఇంట్లోవాళ్లే: గాజులు మోచేతిదాకా జారుతుంటాయి, దవడలు లోపలికి పోతాయి, కాళ్లు మాత్రం సాయంత్రానికి ఉబ్బుతాయి.