జాజికాయల గోదాములో మన బట్టలు

జకార్తా ఉత్తర కొసన, సుందా కెలాపా పాత రేవు పక్కన ఓ గోదాముల వరుస ఉంది. డచ్ ఈస్టిండియా కంపెనీ 1652లో మొదలుపెట్టిన కట్టడం ఇది. విడతలవారీగా 1771 దాకా పెరుగుతూనే పోయింది. కట్టించిన కంపెనీ 1799 ఆఖరుకు మూతపడింది, గోదాములు మాత్రం ఇంకా నిలిచే ఉన్నాయి!

 

ఇనుప కొక్కేలు: లోపల మిరియాలు, జాజికాయ, కాఫీ, టీ, బట్టలు నిలవ చేసేవారు. బయటి గోడకు, తలుపులకూ పై అంతస్తు కిటికీలకూ నడుమ, పెద్ద పెద్ద ఇనుప కొక్కేలు కనిపిస్తాయి. ఒకప్పుడు వాటి ఆధారంతో ఒక వసారా ఉండేది. బయట పేర్చిన రాగి, తగరం వానకు తడవకుండా ఆ ఏర్పాటు. వసారా ఎప్పుడో పోయింది. పక్కనే బటావియా (జకార్తాకు డచ్చివాళ్ల నాటి పేరు) నగర ప్రాకారం ముక్క ఒకటి మిగిలింది. దగ్గర్లోనే 1839 నాటి కావలి బురుజు ఓ పక్కకు ఒరిగి ఉంది.

దీవికి బదులు మన్‌హట్టన్: జాజికాయ అప్పట్లో నేటి ఇండోనేసియాలోని బందా దీవుల్లోనే పండేది. దాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి 1621లో కంపెనీ సేనలు ఆ దీవుల జనాన్ని ఊచకోత కోశాయి. బతికినవారిలో చాలామందిని బానిసలను చేశాయి. ఈ గోదాముల గొప్ప చెప్పేటప్పుడు ఆ నెత్తురును దాచకూడదు. అక్కడి రన్ అనే చిన్న దీవిపై హక్కును 1667 ఒప్పందంలో ఇంగ్లీషువాళ్లు వదులుకున్నారు, డచ్చివాళ్ల నుంచి పట్టుకున్న మన్‌హట్టన్‌ను అట్టేపెట్టుకున్నారు.

మన వాటా: సుగంధ ద్రవ్యాల దీవుల్లో వెండి నాణేల కంటే భారతీయ వస్త్రాలకే గిరాకీ ఎక్కువ. అందుకే డచ్చివాళ్లు మచిలీపట్నంలో, పాలకొల్లులో, భీమునిపట్నంలో స్థావరాలు పెట్టి కోరమండల్ తీరపు బట్టలు బటావియాకు ఓడలకెత్తారు. అక్కడి మిరియాలకు, జాజికాయకు మారకం సరుకు మన నేతగాళ్ల చేతిపని. ఈ వ్యాపారపు కథలో వాళ్లకు దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

తర్వాత జపాన్ ఆక్రమణ కాలంలో ఈ గోదాముల్లో సైన్యం సామగ్రి దాచింది. స్వాతంత్ర్యం తర్వాత విద్యుత్తు, తపాలా శాఖలు వాడుకున్నాయి. 1977 జులై 7న ఈ కట్టడం ‘మ్యూజియం బహారీ’ అనే సముద్రయాన మ్యూజియం అయింది. 2018 జనవరిలో కొంత భాగం కాలిపోతే మళ్లీ బాగుచేశారు.

జకార్తా వెళ్లే తెలుగువారు ఈ మ్యూజియం బహారీని తప్పక చూడాలి. అంత దూరం వెళ్లలేనివారికి బందరులో, భీమిలిలో డచ్చి సమాధులున్నాయి. కాస్త తీరిక చేసుకుని వాటినైనా చూసి రండి, పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి.