నేల ఉసిరి ఆకు నుంచి మామిడి తొక్క దాకా

నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో, చెవిటికల్లు వంటి ఊళ్ల పొలం గట్ల మీద తొలకరి తర్వాత మొలిచే నేల ఉసిరి పచ్చకామెర్లకు నూరి తాగించే మొక్కగా తరతరాలుగా పేరు పొందింది. ఆ ఆకులో ఉన్నదేమిటో రసాయనశాస్త్ర పరంగా తేల్చిన కృషిలో మాత్రం పెద్ద పాలు వాల్తేరుదే. అక్కడి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ప్రత్తి పూల రంగులు మొదలుకొని ఎన్నో వృక్ష పదార్థాలను శోధించిన ఆచార్య టి. ఆర్. శేషాద్రి, సహపరిశోధకుడు కృష్ణమూర్తితో కలిసి 1946లో నేల ఉసిరి చేదుకు మూలమైన ఫిలాంథిన్‌పై వ్యాసం ప్రచురించగా, దాని అణు నిర్మాణాన్ని 1960వ దశకంలో అక్కడి ఆచార్య ఎల్. రామచంద్రరావు బృందం వివరించింది.

ఆకు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేయడంలో మెలకువంతా ద్రావకాన్ని, అంటే కావలసిన దాన్ని తనలో కరిగించుకునే ద్రవాన్ని, ఎంచుకోవడంలోనే ఉంది. చక్కెరలు, వగరునిచ్చే టానిన్లు నీటిలో కరిగితే, ఫిలాంథిన్ హెక్సేన్ వంటి నూనె స్వభావం గల ద్రవాల్లో కరుగుతుంది. నీడన ఆరబెట్టి పొడి చేసిన ఆకును, 1879లో ఫ్రాంజ్ సాక్స్‌లెట్ పాలలోని కొవ్వును కొలవడానికి రూపొందించిన గాజు పరికరంలో ఉంచుతారు. అడుగున మరిగే ద్రావకం ఆవిరై పైకి పోయి, చల్లబడి చుక్కలుగా పొడి మీద పడి, గొట్టం నిండగానే తనంత తానే కిందికి జారుతుంది. ద్రావకం మారకుండానే పొడి మళ్లీ మళ్లీ శుద్ధ ద్రవంతో తడుస్తుంది. ద్రావకాన్ని ఆవిరి చేశాక మిగిలే ముదురాకుపచ్చ ముద్దలో పత్రహరితం, మైనం కూడా కలిసే ఉంటాయి కనుక, దాన్ని సిలికా జెల్ నింపిన గొట్టం గుండా పంపి, ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క వేగంతో దిగుతుండగా విడివిడిగా పట్టుకుంటారు. ఈ శ్రమ వృథా కాదు. నూరిన ముద్దలో ఏది ఎంతుందో చెప్పలేం గాని, శుద్ధమైన స్ఫటికాన్ని తూచవచ్చు, పరీక్షించవచ్చు. మొక్కను సరిగా గుర్తించడమూ అంతే ముఖ్యం. నేల ఉసిరిని ఫిలాంథస్ నిరూరి అని మన గ్రంథాల్లో రాసినా, అలా రాసిన మొక్కలు చాలావరకు నిజానికి ఫిలాంథస్ అమారస్ వంటి వేరే జాతులవని వృక్షశాస్త్రజ్ఞులు తర్వాత తేల్చారు.

ఆకుల్లాగే పండ్ల తొక్కల్లోనూ వేరుచేయదగిన పదార్థాలున్నా, వాటి విషయంలో మన నిర్లక్ష్యం నిజంగా బాధాకరం. చిత్తూరు ప్రాంతపు గుజ్జు కర్మాగారాల్లో తోతాపురి కాయ బరువులో ఇంచుమించు 15 నుంచి 20 శాతం తొక్కగానే పోతుంది. అందులో జామ్‌ను గట్టిపరచే పెక్టిన్ ఉంది. దానికి ఆ పేరు పెట్టింది 1825లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రాకొన్నో. తొక్కను ఆమ్లం కలిపిన వేడి నీటిలో ఉంచి, వడకట్టిన ద్రవంలో ఆల్కహాలు పోస్తే, అంతవరకు కనిపించని పెక్టిన్ మెత్తని జెల్లీ పోగులుగా పైకి తేలుతుంది. అయితే కాయ చెక్కిన వెంటనే తొక్కలోని ఎంజైములు పెక్టిన్‌ను విరగ్గొట్టడం మొదలుపెడతాయి కనుక, కుప్పపోసి పులియనివ్వకుండా, కర్మాగారం ఆవరణలోనే మరిగే నీటిలో కాసేపు ముంచి తీసి ఆరబెట్టాలి.