వార్తల్లో పదం: కీవర్డు

సికింద్రాబాదు రాణీగంజ్‌లో నీటిపంపులు, గొట్టములు, యంత్రభాగములు విక్రయించు వర్తకుడు తన సరకును కేటలాగులో ఏ పేరుతో పిలిచినను, కొనదలచినవాడు గూగుల్‌లో ‘రాణీగంజ్ బోరు మోటారు ధర’ అనియే వెదకును. వెదకువాని ఆ మాటయే కీవర్డు. వెబ్‌సైటు శీర్షికయందును, తొలి వాక్యములయందును అది సహజముగా అమరియున్నచో, ఆ పుట దేనిని గూర్చినదో సెర్చ్ ఇంజను సులభముగా గ్రహించును.

పూర్వము, పాఠకునికి కనబడని మెటా కీవర్డుల పట్టికలో పదములు కుక్కి, తెల్లని నేలపై తెల్లని అక్షరములు దాచి, సెర్చ్ ఫలితములలో పై వరుసకెక్కజూచినవారనేకులు. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్థాపించిన గూగుల్, ఇతర పుటలనుండి వచ్చు లింకులను గణనలోనికి తెచ్చి ఆ మాయోపాయముల బలమును తగ్గించుటయే కాక, ఆ పట్టికను ర్యాంకు నిర్ణయమునకు వాడుటలేదని 2009 సెప్టెంబరులో బహిరంగముగా ప్రకటించెను. అయినను ‘మొదటి స్థానమునకు మాది పూచీ’ యని చిన్న దుకాణదారులవద్ద సొమ్ము గుంజువారు నేటికిని కలరు. అట్టి పూచీ ఎవ్వరును ఈయజాలరని గూగులే చెప్పుచున్నది, కావున వారిని నమ్మరాదు.

కీవర్డునందు ఊరి పేరుకంటె పేట పేరే చిన్న వర్తకునికి మేలు. ‘సికింద్రాబాదు చీరలు’ అను విశాలపదమునకు పోటీ అపారము. ‘జనరల్ బజార్‌లో పట్టుచీరల హోల్‌సేల్’ అని వెదకువారు కొందరే యైనను, వారు కొనుటకు నిశ్చయించుకొన్నవారు.