ఐ విష్, ఐ హోప్: ఏది ఎక్కడ రాయాలి?

పోయిన యూనిట్ టెస్టులో మా తొమ్మిదో తరగతిలో చాలామందికి ఒకే ప్రశ్నలో మార్కులు పోయాయి. కోరికలను, విచారాలను ఇంగ్లీషులో రాయమన్న ప్రశ్న అది. నాకు అయిదుకి ఒకటే వచ్చింది. అందుకే ఈ వ్యాసం నేనే రాస్తానని అడిగి తీసుకున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

నేను పరీక్షలో రాసింది ఇది: ‘ఐ విష్ మై సిస్టర్ స్టడీస్ హియర్.’ చెల్లి ఇక్కడ చదివితే బాగుండు అని నా భావం. ఇంగ్లీషు మేడం దాని కింద ఎర్రగీత గీసి, నన్ను పిలిచి, “ఇది జరిగే పనా, జరగని పనా? ముందు అది తేల్చుకో, తర్వాత ఇంగ్లీషు రాయి” అన్నారు. నేను అలాగే నిలబడ్డాను. నాకు నిజంగా తెలీదు.

ఇంట్లో మేం కోయ మాట్లాడతాం. తెలుగు బడికొచ్చాక నేర్చుకున్నాను. ఇంగ్లీషు మూడోది. తెలుగులో ‘చదివితే బాగుండు’ అంటే జరిగే దానికీ సరిపోతుంది, జరగని దానికీ సరిపోతుంది. వినేవాళ్ళే అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషు అలా ఊరుకోదు. ఏదో ఒకటి చెప్పమంటుంది.

విష్ అంటే ఇప్పుడు లేనిదాన్ని ఉంటే బాగుండనుకోవడం. అందుకే దాని తర్వాత వచ్చే క్రియను ఒక మెట్టు వెనక్కి దించాలి. ఇప్పటి సంగతి అయినా సరే పాస్ట్ టెన్స్ రాయాలి. మన డార్మిటరీలో ఫ్యాన్లు చాలవు కదా, ‘ఐ విష్ వుయ్ హ్యాడ్ మోర్ ఫ్యాన్స్.’ ఇక్కడ హ్యాడ్ అంటే ఒకప్పుడు ఉండేవని కాదు, ఇప్పుడు లేవని. ఈ ఒక్క ముక్క నా బుర్రకెక్కడానికి వారం పట్టింది. ‘ఐ విష్ టుడే ఈజ్ సండే’ అని మా బెంచి మొత్తం రాశాం (ఒకరిది చూసి ఒకరం రాశామని మేడంకి అప్పుడే తెలిసిపోయింది). ‘ఐ విష్ టుడే వర్ సండే’ అని రాయాలి. విష్ తర్వాత ఐ, హి, షి, ఇట్ లకు కూడా వర్ వస్తుంది. మాటల్లో వాజ్ అని కూడా అంటారట. పరీక్షలో వర్ రాస్తే భయం లేదు.

అయిపోయిన దానికి ఇంకో మెట్టు దిగాలి. హ్యాడ్ పెట్టి, క్రియ మూడో రూపం రాయాలి. దీనికి నా సొంత ఉదాహరణ చెబుతాను.

మాది శబరి ఒడ్డు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. గోదావరి నిండితే శబరి నీళ్ళకు పోయే దారి లేక వెనక్కి తన్ని మా ఊళ్ళ మీదికి వస్తాయి. అప్పుడు నేను ఆరో తరగతి, ఆ వానలప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను. అందరం గుట్ట ఎక్కుతున్నాం. “రేకుపెట్టె తేవే” అని అమ్మ నాకే చెప్పింది. నేను మేకపిల్లను చంకలో పెట్టుకొని పరుగెత్తాను. పెట్టె మర్చిపోయాను. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే పెట్టె లేదు. నా కాగితాలు అప్పటికే హాస్టల్ ఆఫీసులో ఉన్నాయి కాబట్టి మిగిలాయి. చెల్లి పుట్టిన తేదీ కాగితం, కులం సర్టిఫికెట్ పోయాయి. తర్వాత నాన్న దాన్ని ఒక బడికి తీసుకుపోతే కాగితాలు తెమ్మన్నారు. నాన్నకి చదువు రాదు, మళ్ళీ అడగడానికి పోలేదు. చెల్లి మేకలు కాస్తోంది. ఆ మేకపిల్లకి కూడా ఇప్పుడు పిల్లలు.

‘ఐ విష్ ఐ హ్యాడ్ టేకెన్ ద బాక్స్.’ పెట్టె తెచ్చి ఉంటే బాగుండేది. చూడండి, తెలుగులో కూడా ‘బాగుండు’ పోయి ‘బాగుండేది’ వచ్చింది. ‘బాగుండేది’ అని నోటికి వస్తే ఇంగ్లీషులో హ్యాడ్, మూడో రూపం. ఇది నేను పెట్టుకున్న గుర్తు, చాలావరకు పనికొస్తుందని మేడం అన్నారు. బాధ ఇంకా ఎక్కువైతే ఐ విష్ బదులు ‘ఇఫ్ ఓన్లీ’ అంటారు. ‘ఇఫ్ ఓన్లీ ఐ హ్యాడ్ టేకెన్ ద బాక్స్!’ టెన్స్ మారదు.

వుడ్ గురించి ఒక మాట. వేరేవాళ్ళు మారితే బాగుండు అనుకుంటే వుడ్: ‘ఐ విష్ ద రెయిన్ వుడ్ స్టాప్.’ మన గురించి మనం చెప్పుకుంటే ‘ఐ విష్ ఐ వుడ్’ అనకూడదు, ‘ఐ విష్ ఐ కుడ్’ అనాలి. ‘ఐ విష్ యూ ఎ హ్యాపీ బర్త్‌డే’ లో విష్ వేరు, అది శుభాకాంక్షలు చెప్పడం. దానికి ఈ లెక్క లేదు.

ఇక హోప్. జరగడానికి దారి ఉంటే విష్ పనికిరాదు, హోప్ రాయాలి. ‘ఐ విష్ యూ విల్ పాస్’ తప్పు, ‘ఐ హోప్ యూ విల్ పాస్’ ఒప్పు.

మేడం అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. సోషల్ సార్‌ని అడిగాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని వయసు కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదట. బడి మానేసినా వయసుకు తగిన తరగతిలోనే చేర్చాలట, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలట. చెల్లికి 12 ఏళ్ళు. కాబట్టి నా పరీక్ష వాక్యం ఒకటి కాదు, రెండు. ‘ఐ విష్ మై సిస్టర్ స్టడీడ్ హియర్’, ఎందుకంటే ఇప్పుడు ఇక్కడ లేదు. ‘ఐ హోప్ షి విల్ జాయిన్ ఇన్ జూన్.’

వార్డెన్ మేడం గారూ, నాన్నని జూన్‌లో చెల్లిని తీసుకురమ్మని ఉత్తరం రాశాను. హెడ్మాస్టర్ గారికి ఇంగ్లీషులో దరఖాస్తు కూడా రాసి పెట్టాను. ఇవ్వబోయే ముందు మీరొకసారి చూడాలి. నాకు స్పెల్లింగులు ఇంకా తప్పు పోతున్నాయి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని