పెట్టెలలోని పాత జాబులు

వాకాటికి చేరువనే సముద్రతీరమున దుగరాజపట్నమను గ్రామమున్నది. ఆంగ్లేయులు దానిని ఆర్మగాన్ అనిరి. ఆర్ముగ మొదలారి పేరే అట్లు మారినదని చెప్పుదురు. చెన్నపట్టణము పుట్టకముందే, 1626 ప్రాంతమున, కంపెనీ వర్తకులిచట కొఠీ పెట్టి వస్త్రములు కొనిరి. ఈ కొఠీ యధికారియైన ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్టణపు నేలను సంపాదించెను. ఈ సంగతులు మనకెట్లు తెలిసినవి? ఆ వర్తకులు వ్రాసిన జాబులు లండనులో భద్రముగా నుండుటచేత. విలియం ఫాస్టరు వానిని సంగ్రహించి 1906 మొదలుకొని సంపుటములుగా ప్రకటించెను. నేసినవారి మాట నేడు మనకు కొన్నవారి జాబులలోనే వినబడుచున్నది.

అమెరికావారు ముందుగా మేల్కొనిరి. విలియం స్ప్రేగ్ అను యువకుడు 1815 ప్రాంతమున వాషింగ్టను బంధువుల యింట ఉపాధ్యాయుడుగా నుండి, ఆ మహాపురుషుని కాగితములకు వారసుడైన బుష్‌రాడ్ వాషింగ్టను అనుమతితో, నకళ్లుంచి అసలు జాబులనే వందలకొలది తీసికొనిపోయెను! స్వాతంత్ర్యప్రకటనపై చేవ్రాలు చేసిన 56 గురి వ్రాతలను కూర్చుట తరువాతివారికొక వ్రతమైనది. అందు మిక్కిలి దుర్లభుడు బటన్ గ్విన్నెట్. ఆతడు 1777లో ద్వంద్వయుద్ధమున గాయపడి మరణించెను. ఆతని చేవ్రాలు గల జాబొకటి 1927లో 51,000 డాలర్లకు అమ్ముడుపోయినది. అది ఆతని గొప్పతనమునకు గాదు, వ్రాతల కొరతకు వచ్చిన వెల. చేవ్రాలు మాత్రము కత్తిరించుకొని జాబును పారవైచినవారును గలరు. దానిని సేకరణ యనుటకు మాకు మనసొప్పదు.

నెల్లూరు సీమవాడే యైన బండి గోపాలరెడ్డి, బంగోరె యని ప్రసిద్ధుడు, 1970ల దశకమున బ్రౌను దొర లేఖలను వెదకి ప్రకటించెను. ఆయన కోరినది చేవ్రాలు గాదు, విషయము. ఈ జిల్లా శాసనములకట్టి మేలు 1905లోనే బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గారలు చేసియుండిరి. కాగితమునకు రాతి యాయువు లేదు. ఉప్పుగాలి తగులు ఈ తీరమున మరియు లేదు.

1984లో కరణీకములు రద్దయినవి. కరణముల యిండ్లలోను, భూస్వాముల భోషాణములలోను శిస్తు తగవులు, కాలువనీటి తీర్పులు, పెండ్లి మాటలు, చెరసాలనుండి వచ్చిన కార్డులు కట్టలుగా మిగిలిన చోట్లు గలవు. పెద్దలు గతించి యిల్లు సున్నము వేయించునపుడు అవి తూకమునకు పోవుచున్నవి. పాఠకులలో నట్టి కట్టలు గలవారు వానిని తూచువానికీయకముందు ఒక్క దినము విప్పి చూతురు గాక. ఎవరు ఎవరికి వ్రాసిరో వేరొక చీటిపై వ్రాసి జతచేయవలెను. కవరును పారవేయరాదు, తేదీ లేని జాబునకు తపాలా ముద్రయే సాక్షి. అంటుకాగితములతో అతుకరాదు. తెలిసిన ముసలివారు బ్రదికియుండగనే చదివించుకొనుట మేలు, ఆ గొలుసుకట్టు వ్రాత చదువగలవారు ఇప్పటికే అరుదైరి.